నిప్పు ముందు ఎవరు, నిప్పు వెనక ఎవరు?

తిరువూరులో ఫైర్‌ప్లేస్ అంటే ఎవరైనా నవ్వుతారు. మే నెలలో 45 డిగ్రీలకి అటూ ఇటూ ఉడికిపోయే ఊరు మాది. మామిడితోటలు, మిరపచేలు, విజయవాడ నుంచి భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ పోయే హైవే, కాస్త దూరం పోతే తెలంగాణ సరిహద్దు. సంక్రాంతి ముందు ఓ పదిహేను రోజులు తెల్లవారుజామున దుప్పటి మెడదాకా లాక్కుంటాం, అంతే మా చలి. అటువంటి ఊళ్ళో, 90 గజాల స్థలంలో, 10 బై 12 అడుగుల ముందుగదికి ఫైర్‌ప్లేస్ డిజైన్ గురించి ఆలోచించాల్సి వచ్చింది నాకు.

పాత పెంకుటిల్లు తీసేసి అమ్మకి చిన్న ఇల్లు కట్టాలనుకున్నాం అన్నయ్యా, నేనూ. డబ్బులో ఎక్కువ వాటా అమెరికాలో ఉన్న అన్నయ్యది, దగ్గరుండి కట్టించే పని నాది. ప్లాను గీయించి పంపితే దాని మీద ఎర్రగీతలతో ఒక మార్పు తిరిగొచ్చింది. ముందుగదిలో పడమటి గోడకి ఫైర్‌ప్లేస్, దాని మీద టీవీ. జతగా వాళ్ళింటి ఫోటో: ఇటుకల చట్రం, లోపల మంట, ముందు తివాచీ మీద బోర్లా పడుకున్న పిల్లలు. "నిజం మంట కాదులేవే, కరెంటుది. స్విచ్చి నొక్కితే చాలు. అమ్మకి హాలు నిండుగా ఉంటుంది" అన్నాడు. అమ్మ ఆ ఫోటోని చాలాసేపు చూసింది. "దీన్లో బూడిద ఎవరెత్తుతారే?" అంది.

సాహిత్యంలో డాక్టరేట్ కోసం తెలుగు స్త్రీల కథల్లో ఇంటి స్థలాల మీద ఐదేళ్ళు పనిచేసినదాన్ని. గది అంటే నాలుగు గోడలు కాదని, ఎవరు ఎక్కడ కూచుంటారో, ఎవరు ఎక్కడ నిలబడతారో నిర్ణయించే ఏర్పాటు అని పేజీల కొద్దీ రాశాను. అమ్మ ప్రశ్న ఆ పేజీలన్నిటినీ ఒక్క గోడ దగ్గరికి తెచ్చింది.

ముందు లెక్క చూద్దాం. నిజమైన ఫైర్‌ప్లేస్ అంటే గోడలో గూడు ఒక్కటే కాదు. ముందు నోరు, పైన పొగగొట్టం, రెంటి మధ్యా సన్నటి గొంతు. నోటి వైశాల్యంలో పదోవంతు దాకా గొట్టానికి ఖాళీ ఉండాలి. 30 అంగుళాల వెడల్పూ 24 అంగుళాల ఎత్తూ ఉన్న చిన్న నోటికి 72 చదరపు అంగుళాల గొట్టం. అది కప్పు దాటాక కనీసం 3 అడుగులు పైకి పోవాలి. నిప్పురవ్వలు ఎగిరి పడతాయి కాబట్టి నోటి ముందు 16 అంగుళాల మేర రాయి పరవాలి. 3 అడుగుల దాకా కుర్చీ, కర్టెన్ ఏవీ ఉండకూడదు. ఇవన్నీ కలిపితే 12 అడుగుల గదిలో 4 అడుగులకు పైగా నిప్పుకే పోతుంది. 1796లో కౌంట్ రమ్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త ఈ గూటిని సంస్కరించాడు. వెనకగోడని ముందునోటిలో మూడోవంతుకి తగ్గించి, పక్కగోడల్ని ఏటవాలుగా తిప్పి, గొంతుని 4 అంగుళాలకి బిగిస్తే వేడి గదిలోకి మళ్ళుతుందని, పొగ సాఫీగా పైకి పోతుందని చూపించాడు. అంత చేసినా తెరిచి ఉన్న మంట వేడిలో ఎక్కువ భాగం గొట్టంలోంచి ఆకాశానికే పోతుంది. పోతూ పోతూ గదిలోని గాలిని కూడా లాక్కుపోతుంది. చిన్నగదిలో కిటికీ కాస్త తెరవకపోతే పొగ వెనక్కి తన్నుకొస్తుంది.

కాబట్టి కట్టెల ఫైర్‌ప్లేస్ మా గదికి నప్పదు. ఇక మిగిలింది అన్నయ్య చెప్పింది. మామూలుగా దాన్లో 1500 వాట్ల హీటరు ఒకటి, దాని ముందు ఎల్ఈడీ వెలుగులతో కదిలే మంటబొమ్మ ఒకటి ఉంటాయి. హీటరు ఆపేసి బొమ్మని మాత్రం పెట్టుకోవచ్చు. తిరువూరుకి సరిపోయేది అదే. వేడి లేదు, పొగ లేదు, మసి లేదు, బూడిద లేదు. నిప్పులోంచి ఆడవాళ్ళ చాకిరీ మొత్తం తీసేస్తే ఏం మిగులుతుందో సరిగ్గా అది.

ఈ మోజు అన్నయ్య ఒక్కడిదే అనలేను. నేను డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు సాహిత్యం చెప్తాను. ఆ నవలల్లో ముఖ్యమైన మాటలన్నీ మంట దగ్గరే జరుగుతాయి. 'జేన్ ఐర్'లో జేన్, రోచెస్టర్ ఒకరినొకరు మాటలతో తూచుకునేది మంట వెలుగులోనే. వర్జీనియా ఉల్ఫ్ 1929 నాటి 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్'లో ఆడవాళ్ళ కాలేజీలో చప్పిడి భోజనం అయ్యాక ఇద్దరు స్త్రీలు మంట దగ్గరికి జరిగి కూచుంటారు. మన తల్లులు మనకి ఆస్తి ఎందుకు మిగల్చలేకపోయారని మాట్లాడుకుంటారు. స్త్రీల చదువు చరిత్రలో నాకు అత్యంత ఇష్టమైన సన్నివేశాల్లో అదొకటి. ఫ్యాను కింద చెమటలు కక్కుకుంటూ ఈ పాఠం విన్న ఒక అమ్మాయి, తెల్లారి కట్టెలు తెచ్చాకే కాలేజీకి వచ్చే పిల్ల, లేచి అడిగింది: "మేడమ్, ఆ మంట ఎవరు వేసుంటారు?"

ఎవరు వేసుంటారో చెప్పడానికి ఒక సాక్షి ఉంది. హన్నా కల్‌విక్ అనే ఇంగ్లీషు పనిమనిషి (1833–1909) రాసుకున్న డైరీలు 1984లో పుస్తకంగా వచ్చాయి. అందరికంటే ముందు లేవడం, బొగ్గు మోయడం, బూడిద తీయడం, పొయ్యి కమ్మీలకి నల్లరంగు రుద్ది మెరిపించడం, మోకాళ్ళ మీద మెట్లు తోమడం, రోజు తర్వాత రోజు అదే చిట్టా. ఇంటివాళ్ళు దిగి వచ్చేసరికి మంట తనంతట తానే పుట్టినట్టు వెలుగుతూ ఉండాలి. ఫైర్‌ప్లేస్ గొప్పతనమంతా ఆ మాయలో ఉంది. నిప్పు ముందు కూచున్న మనిషికి నిప్పు వెనక ఉన్న మనిషి కనబడకూడదు.

మన ఇళ్ళల్లో మాత్రం నిప్పు తక్కువా? అమ్మని కూచోబెట్టి లెక్క రాయించుకున్నాను. రెండు పూటలా వంటపొయ్యి. పెరట్లో కాగు కింద నీళ్ళపొయ్యి. పాలు మీగడ కట్టేదాకా మగ్గే పిడకల దాలి. బాలింత గదిలో బొగ్గుల కుంపటి, దాని మీద సాంబ్రాణి. కట్టెలు దొరకని రోజుల్లో ఊకపొయ్యి, రంపప్పొట్టు పొయ్యి. పంపుకొట్టే కిరసనాయిలు స్టవ్వు. ఒక్కోదానికీ ఒక్కో విద్య ఉంది. తడికట్టెని ఎలా రాజెయ్యాలి, పొద్దుటికి నిప్పు నిలవాలంటే నివురు ఎంత కప్పాలి, ఊదుగొట్టం ఏ కోణంలో పట్టాలి... ఇన్ని చెప్పాక అమ్మ అంది: "ఇన్ని పొయ్యిలు వెలిగించాను గానీ, దేని ముందూ ఊరికే కూచోలేదమ్మాయ్."

మా వైపు మగవాళ్ళు కూచునే మంటలు రెండే. చలికాలం వీధిలో వేసే నెగడు, ఏడాదికోసారి భోగిమంట. నెగడు దగ్గర ఊరి రాజకీయాలు తేలతాయి. భోగిమంటకి పిడకలు తట్టి దండలు గుచ్చేది ఆడపిల్లలు.

ఇంటి లోపలి నిప్పు ఎప్పుడూ వెనకే ఉంటుంది. వసారా దాటాలి, నట్టిల్లు దాటాలి, అప్పుడు వంటిల్లు. దీనికి వేడో పొగో కారణమైతే వంటింటికి పెద్ద కిటికీ ఉండాలిగా? మా పాత ఇంట్లో ఉన్నది జానెడు గవాక్షం. అసలు కారణం అంటు. ఎవరు వసారాలో ఆగాలి, ఎవరు నట్టింటి దాకా రావచ్చు, ఎవరి నీడ పొయ్యి మీద పడకూడదు అనే కులం లెక్క మన ఇళ్ళ ప్లాను గీసింది. ఆ లెక్కని కాపలా కాసే పని, మడిబట్టతో సహా, ఆ ఇంటి ఆడదానికే అప్పజెప్పింది. ఆమె బందీ కూడా, కాపలాదారు కూడా.

ఇంకో సంగతి ఉంది. 'చిన్న ముందుగదిలో నిప్పు' మా ఊరికి కొత్తది కాదు. కాలనీల్లో ఒంటిగది ఇళ్ళున్నాయి. పడుకునేదీ, పిల్లలు చదువుకునేదీ, చుట్టం వస్తే కూచోబెట్టేదీ ఆ గదిలోనే, వానాకాలం పొయ్యి వెలిగేదీ ఆ గదిలోనే. అన్నయ్య ఫోటోలో ఉన్నవన్నీ అక్కడా ఉన్నాయి, మంట ముందు బోర్లా పడుకుని చదువుకునే పిల్లలతో సహా. పొగగొట్టం ఒక్కటే లేదు. ఒక చోట హోదా అయినది ఇంకో చోట దరిద్రం అయ్యేది ఆ గొట్టం దగ్గరే. వంటింటి నుంచి విముక్తి అనే మాట అందరికీ ఒకే మాట కాదని, వేరే వంటిల్లు ఉండటమే ఒక కులానికి, ఒక వర్గానికి చెందిన విషయమని మనకి దళిత స్త్రీల రచనలు నేర్పాయి. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' చదివాక ఏ వంటింటి కథనైనా మునుపటిలా చదవలేం.

పొగ సంగతికి వస్తాను. మూడేళ్ళ క్రితం అమ్మకి ఆయాసం ఎక్కువై విజయవాడ తీసుకెళ్తే, ఊపిరి ఊదించి పరీక్షలు చేసిన డాక్టరు అడిగాడు: "పొగతాగే అలవాటుందామ్మా?" అమ్మ తడుముకోలేదు. "ముప్పై ఏళ్ళు తాగాను బాబూ, పొయ్యి దగ్గర." ఆయన నవ్వలేదు. సిఓపిడి అని రాశాడు. వంటపొగతో సహా ఇళ్ళలోపలి వాయుకాలుష్యం వల్ల ప్రపంచంలో 2020 ఒక్క ఏడాదే 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యికి గొట్టం పెట్టడం ఎవరికీ తట్టక జరిగింది కాదిది. వార్ధాలోని మగన్‌వాడిలో 'మగన్ చూల్హా' తయారైంది. మన హైదరాబాదులోనే, ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు మట్టితో, వరసగా గిన్నెలు పెట్టుకునే కళ్ళతో, పొగగొట్టంతో ఒక పొయ్యి రూపొందించారు. 1953లో ఆయన దాని మీద రాసిన చిన్న పుస్తకం పేరు 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్'. ఆ పేరులోని 'కోట్లాది' అనే ఆశ చూస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

1983లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మూడు కోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు పంచారు. చాలా చోట్ల అవి కొద్దికాలానికే మూలపడ్డాయి. మసి పట్టిన గొట్టం ఎవరు దులపాలి, పగిలిన మట్టి ఎవరు మెత్తాలి, మా కుండ అడుగు మీ కంత కొలతకి సరిపోకపోతే ఏం చెయ్యాలి — వండే మనిషిని ముందుగా అడగాల్సిన ప్రశ్నలివి. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చి డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకి గ్యాసు కనెక్షన్లిచ్చింది. మా ఇంటికీ అప్పుడే వచ్చింది. నాకు బాగా గుర్తు, ఆ స్టవ్వు మీద చుట్టాలకి కాఫీ మాత్రమే పెట్టేవాళ్ళం. సిలిండరు అయిపోతే మళ్ళీ కొనాలిగా. అన్నం, కూర, నీళ్ళు అన్నీ కట్టెల మీదే ఇంకో పదేళ్ళు. మర్యాద గ్యాసు మీద, బతుకు కట్టెల మీద.

విమల 'వంటిల్లు' కవిత మనలో ఎంతమందిని కుదిపిందో చెప్పక్కర్లేదు. ఆ గదినే కూలగొట్టాలన్న పిలుపు అది. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు మనందరి ఇళ్ళల్లోనూ ఉంది. కానీ నా చేతిలో ఉన్నది కవిత కాదు, 90 గజాల ప్లాను. కూలగొట్టాక ఆ నిప్పు ఎక్కడ పెట్టాలి? 1926లో మార్గరెట్ షూటే-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియన్ ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ళ కోసం వంటగది గీసింది. అడుగులు లెక్కపెట్టి, చేయి చాపితే అన్నీ అందేలా, సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. పదివేల ఇళ్ళల్లో పెట్టారు. ఆడవాళ్ళ శ్రమ తగ్గించాలన్నది ఆమె ఉద్దేశం. తర్వాతి తరం స్త్రీవాదులు దాన్నే విమర్శించారు. అంతకుముందు కార్మికుల ఇళ్ళల్లో పొయ్యి చుట్టూనే అందరూ కూచునేవాళ్ళు, ఇప్పుడు ఆమె ఒక్కతే ఆ డబ్బాలో మిగిలిందని. శ్రమ తగ్గించడం ఒకటి, ఒంటరితనం తగ్గించడం ఇంకొకటి. ఒకదానికోసం గీసిన గీత రెండోదాన్ని కోసెయ్యగలదు.

ఇవన్నీ చదువుకుని అన్నయ్యకి ఫోన్ చేసి చెప్పాను: ఫైర్‌ప్లేస్ పెడదాం, కానీ దాని మీద వంట చేసుకుందాం.

మా స్థలం దక్షిణపు వీధి. అంటే ఆగ్నేయం ముందుగదిలోనే పడుతుంది. పాత ప్లానులో వంటిల్లు వెనక వాయవ్యంలో ఉంది. 'అగ్నిమూల' ముందే ఉందండీ అనేసరికి తాపీ మేస్త్రి గారు కూడా కాదనలేకపోయారు. వాస్తు నా వైపు మాట్లాడిన సందర్భం అదొక్కటే! తూర్పుగోడ నుంచి గదిలోకి 4 అడుగులు పొడుచుకొచ్చే గ్రానైట్ బండ. దాని దక్షిణం వైపు వండే మనిషి, ఉత్తరం వైపు గది. వండేటప్పుడు తూర్పుకి తిరగాలి కదా అన్నారు చుట్టాలు. "తూర్పుకి తిరిగితే గోడ కనబడుద్ది, ఇటు తిరిగితే మనుషులు కనబడతారు" అంది అమ్మ. బండ ఎత్తు అందరూ పెట్టుకునే 33 అంగుళాలు కాకుండా అమ్మ మోచెయ్యి కొలిచి, దానికి 4 అంగుళాలు దించి 30 పెట్టాం. స్టవ్వు తూర్పుగోడకి దగ్గరగా, దాని మీద పొగ లాగే హుడ్, అక్కడినుంచి గోడలోంచి బయటికి ఆరంగుళాల గొట్టం. సిలిండరు బయట. గ్యాసు గాలి కంటే బరువు, లీకైతే నేలకి దిగుతుంది కాబట్టి నేల మట్టాన ఒక జాలీ. పడమర, ఉత్తరం గోడల వెంబడి సోఫా బదులు అడుగున్నర వెడల్పు అరుగు. ఎక్కడ కూచున్నా వండే మనిషి మొహం కనబడుతుంది. టీవీ ఒక మూలకి పోయింది.

అన్నయ్య అభ్యంతరం నేను ఊహించినదే. "హాల్లో పోపు వాసన వస్తే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?" అమ్మ అభ్యంతరమే నేను ఊహించనిది. "చెమటలు కారుతూ, కొంగు బొడ్లో దోపుకుని, అందరి ముందూ ఎట్లా నిలబడనే? వెనకింట్లో అయితే నా ఇష్టం వచ్చినట్టుంటాను."

ఆ మాట దగ్గర చాలారోజులు ఆగిపోయాను. వంటిల్లు చెర అని రాశాం, నిజమే. అదే వంటింట్లో అమ్మ పోపులడబ్బాలో డబ్బులు దాచింది. నాన్న పోయిన ఏడాది ఉల్లిపాయలు తరుగుతున్నట్టు ఏడ్చింది. పక్కింటి పిన్నిగారు మొగుడు కొట్టిన దెబ్బలు చూపించింది కూడా అక్కడే, హాల్లో కాదు. గోడ తీసేస్తే పొగతో పాటు ఆ చాటు కూడా పోతుంది. పైగా ఇప్పుడు ఫ్లాట్లలో చూస్తున్న ఓపెన్ కిచెన్లు సాక్ష్యం: ఆమె పని అందరికీ కనబడుతుంది, అందరూ సోఫాలో కూచుని ఆ కనబడేదాన్ని చూస్తారు, అంతే. కనబడటం వేరు, పంచుకోవడం వేరు. బండ ఎంత పొడుగు పెట్టినా లేచి వచ్చి ఇటువైపు నిలబడే మనిషిని ఏ ప్లానూ గీయలేదు.

అందుకని ప్లాను ఇంకోసారి మార్చాం. బండకి ఇటువైపు ఇద్దరు నిలబడేంత చోటు వదిలాం, ఒక్కరికి సరిపోయేలా కట్టిన చోట రెండో మనిషి రాకపోవడానికి సాకు దొరుకుతుంది కాబట్టి. వెనక వాయవ్యంలో మిగిలిన 7 బై 8 గదిని సామాన్ల గది అనకుండా అమ్మ గది అన్నాం. కిటికీ, మంచం, బియ్యం డబ్బా, పాత పోపులపెట్టె. ఆ తలుపుకి గడియ లోపలివైపు పెట్టమన్నాను. "స్టోర్‌రూముకి లోపల గడియ ఎందుకండీ మేడమ్?" అన్నారు మేస్త్రి గారు. అమ్మ అరుగు కొలత చూస్తున్నదల్లా ఆగి, "పెట్టండి బాబూ" అంది.